ఎంగిలితో కడిగిన సముద్రం

రిజిస్టరులో ఉన్నవి నా అక్షరాలే, కాదనలేను:
"వరుస సంఖ్య రెండువందల పద్నాలుగు. సముద్రం బొమ్మ. ఒకటి.
చట్రం విరిగినది. గీసినవారు: ఎవరో దొర."
దొర అని నాకెవరు చెప్పారో గుర్తులేదు.
నూనెరంగులు, బరువైన చట్రం.
అంతకన్నా సాక్ష్యం అడిగే జీతం కాదు నాది.

పాతనగరంలో మా కార్పొరేషన్ గోదాములో
బ్లీచింగు బస్తాల వెనక, దోమలమందు పంపుల పక్కన
గోడవైపు మొహం తిప్పుకుని ఉండేది.
హుద్‌హుద్ నాడు పైకప్పు రేకు లేచిపోతే
ముందు ఫైళ్లు మోశాం, తర్వాత కుర్చీలు మోశాం.
దాన్ని తెల్లారి చూశాం.

పెద్ద నిపుణుడొకాయన ఫోటో చూసి ఉత్తరం రాశాడు:
"నకలు. విలువ లేదు.
పడవ దగ్గరి ఆడమనిషిని చూడండి,
ఎడమ బుగ్గ వాచినట్టుంది. చేతకాని చెయ్యి."
ఉత్తరానికి చిల్లు పొడిచి, దారం కట్టి, ఫైలులో పెట్టాను.

తర్వాత సలోమీ గారు వచ్చారు
ఒక టేబుల్ లైటుతో, కట్టెడు వెదురు పుల్లలతో.
పుల్లకి దూది చుట్టి, నాలుక మీద తడిచేసి
ఆకాశం మూల మీద మెల్లగా దొర్లించారు.
అయ్యో, ఎంగిలి! అన్నాను.
"ఇంతకన్నా మంచి మందు ఏ సీసాలోనూ రాదండీ"
అంటూ ఇంకో పుల్లకి దూది చుట్టుకున్నారు.

మొదటి దూది పసుపు. అది మా ఆఫీసు సిగరెట్లు.
రెండోది నలుపు. అది రేవు బొగ్గు,
మా ఆరేసిన చీరల మీదా, అన్నం మూతల మీదా వాలేదే.
నాలుగో రోజుకి కొండ బయటపడింది, డాల్ఫిన్ నోస్.
కొండకీ ఊరికీ నడుమ ఓడల దారి లేదు,
బురద, ఉప్పుటేరు, రెండు కొంగలు.
"రేవు తవ్వకముందు" అని రాసుకుని
పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టారామె.
రంగు కింద ఇసుక రేణువులు దొరికాయి,
భీమిలి దిబ్బల ఎరుపు. దానికీ ప్రశ్నార్థకమే.
ఇసుక ఓడెక్కి లండన్ అయినా పోగలదట.

ఆ బుగ్గ మాత్రం తుడిచేకొద్దీ ఇంకా వాచింది.

గరికిన పైడమ్మ గది ఊడవడానికొచ్చి
మా భుజాల మధ్యనుంచి తొంగిచూసింది.
"ఓలమ్మ, అడ్డపొగ!

సుట్ట తిరగేసి ఎట్టింది బాబూ, నిప్పు నోట్లోన ఉంది.
సముద్రం గాలికి ఆరిపోద్ది గదా మరి.
మాయమ్మ వల బాగుసేత్తా ఇలాగే కాల్చేది.
పెదాల కాడ కొస ఉంది గానీ
నిప్పెక్కడైనా కనపడతందేటి?"

వెతికాం. కనపడలేదు.
సలోమీ గారు భూతద్దం పెట్టి చాలాసేపు వంగే ఉన్నారు.
బుగ్గ రంగు అడుగున, పొర కింద పొరగా
చిటికెడు ఎరుపు దాచి ఉంది,
చిల్లుల కుండలో దీపంలా.

ఏ దొర గీస్తాడు దీన్ని? చూసినా పంటినొప్పి అనుకుంటాడు.
అలాగని ఒట్టు వేయలేం.
సంతకం ఉండాల్సిన మూల చెదలు తినేశాయి.
నివేదికలో ఆమె "ఇక్కడివారే కావచ్చు" అని రాసి,
ఆ "కావచ్చు"ని కొట్టేయనివ్వలేదు, నేనెంత అడిగినా.

"దొర" మీద మాత్రం నేను ఎర్రగీత గీశాను.
గుర్తించినవారు అనే గడి మా రిజిస్టర్లలో ఉండదు.
స్కేలు పెట్టి గీశాను, కాస్త వంకరొచ్చింది.
అందులో: గరికిన పైడమ్మ, పారిశుద్ధ్య కార్మికురాలు, కాంట్రాక్టు.
వేలిముద్ర చాలన్నందుకు కోపపడి
ఆరు నిమిషాలు పట్టి సంతకం పెట్టింది.

ఇప్పుడు బొమ్మ మొహం మావైపు ఉంది.
నిన్న తాళం వేయబోతూ చూశాను.
చీపురు గోడకానించి, నోరు మూసుకుని
పైడమ్మ దాని ముందు నిలబడి ఉంది,
నాలుకతో తన బుగ్గ లోపల
ఎప్పటిదో కాలిన చోటు తడుముకుంటూ.